కెవిన్ అంటే మంచి పుట్టుక



పసిబిడ్డను జ్ఞానస్నానానికి తీసుకొచ్చినప్పుడు గురువు ఆ కుటుంబాన్ని గుడి వాకిటనే ఎదుర్కొంటాడు. అక్కడ ఆయన అడిగే మొట్టమొదటి ప్రశ్న బిడ్డ పేరు. పిశాచాన్ని విడనాడటం, విశ్వాస ప్రమాణం, పుణ్యజలం, పవిత్ర తైలం, తెల్లని వస్త్రం, వెలిగించిన కొవ్వొత్తి అన్నీ దాని తరువాతే. శ్రీసభ ఇంత పెద్ద సంస్కారాన్ని ఇంత చిన్న ప్రశ్నతో ఎందుకు ఆరంభిస్తుందో మనం ఎప్పుడైనా ఆలోచించామా? చాలామంది తల్లిదండ్రులు ఆ ప్రశ్నకు గబగబా జవాబు చెప్పి, ఫోటోగ్రాఫరు వచ్చాడో లేదో అని వెనక్కి చూస్తారు. ఈ వారం ఆ మొదటి ప్రశ్న దగ్గరే కాసేపు నిలబడదాం.

విచారణలోని పాత జ్ఞానస్నాన పుస్తకాలు తిరగేస్తే మరియమ్మ, జోజి, అంతోని, ఫ్రాన్సిస్, లూర్దమ్మ, ఆరోగ్యం వంటి పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఇటీవలి పుటల్లోకి వస్తే కెవిన్, బ్రయాన్, ర్యాన్, ఏడన్ వంటి పేర్లు మొదలవుతాయి. ఇవి అమెరికా పేర్లని కొందరు, సినిమా పేర్లని కొందరు, క్రికెట్ ఆటగాళ్ళ పేర్లని మరికొందరు అనుకుంటారు. నిజానికి ఇవన్నీ ఐర్లండ్ దేశపు గేలిక్ భాషలో నుండి వచ్చిన పేర్లు. వాటిలో మన ఇళ్ళలో ఎక్కువగా వినిపిస్తున్న 'కెవిన్' అన్న పేరును తీసుకుని, దాని పుట్టుపూర్వోత్తరాలు, దాని వెనుక ఉన్న పునీతుని కథ, అది మనకు చెప్పే సత్యం చూద్దాం.

తాతగారి అభ్యంతరం

రామతీర్థం దగ్గర పల్లెలో ఒక కుటుంబం. కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగం, కోడలు నర్సు. మొదటి బిడ్డ మగబిడ్డ. కెవిన్ అని పెట్టాలని దంపతులు నిర్ణయించుకున్నారు. తాతగారు ససేమిరా అన్నారు. తన తండ్రి పేరు జోజి. మునిమనుమడికి ఆ పేరే రావాలని ఆయన ఆశ. "ఏటి ఫాదర్ గారూ ఆ పేరు? ఎవులిదో, ఏ దేశపోలిదో! నోరే తిరగడం నేదు. మా ఇంట్లో ఆ పేరు ఎవులికి ఉంది? ఆ పేరు పెడితే నాను గుడికే రాను" అన్నారు. కొడుకు తల దించుకుని, "ఇప్పుడు అందరూ ఇలాంటివే పెడుతున్నారు ఫాదర్" అన్నాడు. ఇద్దరి మాటల్లోనూ పేరుకు అర్థం ఏమిటన్న ప్రసక్తే లేదు. ఒకరికి అది తమ ఇంటి పేరు కాదన్న బాధ, మరొకరికి అది ఇప్పటి పేరన్న సంతోషం. అంతకుమించి ఏమీ లేదు.

ఈ తగవు కొత్తది కాదు. లూకా సువార్త మొదటి అధ్యాయం తీసి చూడండి. ఎలిజబెత్తమ్మకు బిడ్డ పుట్టిన ఎనిమిదవ రోజున బంధువులు చేరి, తండ్రి పేరే బిడ్డకు పెట్టబోయారు. తల్లి ఒప్పుకోలేదు. బిడ్డ పేరు యోహాను అంది. వెంటనే చుట్టాలు పట్టుకున్న అభ్యంతరం ఏమిటో తెలుసా? మీ వంశంలో ఆ పేరు ఎవరికుంది అని! అచ్చంగా మన తాతగారి మాటే. చివరికి మూగవాడైన జెకర్యా పలక అడిగి తెప్పించుకుని ఆ పేరే వ్రాశాడు. ఆ క్షణమే ఆయన నాలుక విడింది. యోహాను అనే హెబ్రీ పేరుకు దేవుడు దయచూపాడని అర్థం. వంశంలో లేని పేరు ఆ ఇంటికి వచ్చింది, ఆ పేరుతో పాటు మూగపోయిన ఇంట్లోకి స్తుతిగానం వచ్చింది.

అంటే పేరు విషయంలో వంశాచారమే చివరి మాట కాదు. లోకం పోకడ కూడా చివరి మాట కాదు. ఆ పేరు ద్వారా దేవుడు ఆ బిడ్డను గురించి ఏమి చెప్పదలచుకున్నాడన్నదే అసలు మాట.

పేరులోని రెండు ముక్కలు

ఇప్పుడు కెవిన్ సంగతి చూద్దాం. ఇంగ్లీషువారి నోట అరిగి 'కెవిన్' అయిన ఈ పేరును నేటి ఐరిష్ భాషలో 'కీవీన్' అని పలుకుతారు. పాత ఐరిష్ భాషలో అది రెండు ముక్కల పేరు. మొదటి ముక్క 'కోయ్‌వ్'. దానికి ప్రియమైన, సౌమ్యమైన, అందమైన అని అర్థాలు. రెండవ ముక్క 'గెన్'. దానికి పుట్టుక అని అర్థం. రెండూ కలిపితే ప్రియమైన పుట్టుక, అందమైన జన్మ, సౌమ్యంగా పుట్టినవాడు అని చెప్పుకోవచ్చు.

ఇందులో మనకు దగ్గర సంబంధం ఒకటుంది. ఆ 'గెన్' అనే ఐరిష్ మాట, మనం సంస్కృతం నుండి తెచ్చుకుని రోజూ వాడే 'జన్మ', 'జననం' అనే మాటలు ఒకే ప్రాచీన ధాతువు నుండి చీలి, ఒకటి పడమటి సముద్రం అంచుకు, మరొకటి మన దేశానికి చేరాయని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. లాటిను భాషలోని 'జెనుస్' కూడా ఆ కుటుంబంలోదే. మనలో సుజాత అనే పేరుగల ఆడపడుచులు ఎందరో ఉన్నారు. సుజాత అంటే మంచి జన్మ కలది. గ్రీకులో 'యూజీన్' అన్న పేరుకూ అదే అర్థం. కాబట్టి కెవిన్ అని కొడుకును పిలిచే తల్లి, తెలియకుండానే సుజాతకు అన్నదమ్ముణ్ణి పిలుస్తున్నది.

లోయలోని పునీతుడు

ఆ పేరును లోకానికి పరిచయం చేసినవాడు పునీత కెవిన్. ఆయన 6వ శతాబ్దపు ఐరిష్ సన్యాసి. పాత చరిత్రలు ఆయన 498లో పుట్టి, 618లో, అంటే 120 ఏళ్ళ వయసులో మరణించాడని చెబుతాయి. ఆ పుట్టిన సంవత్సరాన్ని చరిత్రకారులు నమ్మరు. అంత దీర్ఘాయువును భక్తితో చెప్పిన లెక్కగానే తీసుకోవాలి. ఆయన లెయిన్‌స్టర్ ప్రాంతంలోని ఒక పెద్ద వంశంలో పుట్టాడు. తల్లిదండ్రుల పేర్లలో కూడా ఆ 'కోయ్‌వ్' అన్న ముక్క ఉందని చెబుతారు. జ్ఞానస్నాన సమయంలో దేవదూత కనిపించి ఆ పేరు పెట్టమన్నాడని సంప్రదాయం.

ఆయన యువకుడై, గురువై, వంశాన్నీ వైభవాన్నీ వదిలి కొండల మధ్యకు వెళ్ళిపోయాడు. ఆ చోటి పేరు గ్లెండలోక్. గేలిక్‌లో ఆ పేరుకు రెండు చెరువుల లోయ అని అర్థం. అది ఇప్పటి డబ్లిన్ నగరానికి దక్షిణాన విక్లో కొండల్లో ఉంది. పై చెరువు పక్కన నిట్రంగా లేచిన కొండ రాతిలో, నీటికి సుమారు 9 మీటర్ల ఎత్తున ఒక చిన్న గుహ ఉంది. మనిషి అందులో నిలబడలేడు. దాన్ని నేటికీ కెవిన్ పడక అంటారు. పెద్ద ఇంటి బిడ్డ పట్టుపరుపును వదిలి ఆ రాతి పడకను ఎంచుకున్నాడు.

ఏకాంతం కోరి వెళ్ళినవాని దగ్గరకు జనం రాసాగారు. శిష్యులు చేరారు. లోయలో మఠం వెలసింది. ఆ మఠం శతాబ్దాలపాటు చదువుకూ ప్రార్థనకూ యాత్రలకూ పేరుపొందింది. 1111లో జరిగిన శ్రీసభ పెద్దల సమావేశం గ్లెండలోక్‌ను మేత్రాసనంగా గుర్తించింది. తరువాతి కాలంలో అది డబ్లిన్ మేత్రాసనంలో కలిసింది. డబ్లిన్ అగ్రపీఠాధిపతిగా ఉండి 1225లో పునీతునిగా ప్రకటించబడిన లారెన్స్ ఓటూల్ అంతకుముందు ఈ గ్లెండలోక్ మఠానికే అధిపతి. 1398లో ఇంగ్లీషు సైన్యం ఆ మఠాన్ని ధ్వంసం చేసింది. 30 మీటర్ల ఎత్తు గుండ్రని రాతి బురుజు, కప్పులు పోయిన ఆలయాలు, సమాధులు నేటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. 1903లో పదవ పయస్ పాపుగారు పునీత కెవిన్ పట్ల ప్రజలు తరతరాలుగా చూపుతున్న గౌరవాన్ని శ్రీసభ తరఫున ధ్రువీకరించారు. ఆయన పండుగ జూన్ 3.

ఆయన్ను గురించి ఒక కథ చెబుతారు. 12వ శతాబ్దంలో వేల్స్ దేశానికి చెందిన జెరాల్డ్ అనే గురువు దాన్ని గ్రంథస్థం చేశాడు. తపస్సు కాలంలో కెవిన్ ఒక ఇరుకు గుడిసెలో ప్రార్థన చేసుకుంటూ చేయి కిటికీలో నుండి బయటకు చాచాడట. మన గోరింకంత ఉండే నల్ల పిట్ట ఒకటి వచ్చి ఆ అరచేతిలో వాలి, గూడు అనుకుని గుడ్లు పెట్టింది. కెవిన్ చేయి వెనక్కి తీసుకోలేదు. గుడ్లు పొదిగి పిల్లలయ్యే దాకా అలాగే చాచి ఉంచాడట. ఇది జరిగిందా లేదా అని వాదించనక్కరలేదు. ఇది ఒక మనిషి స్వభావాన్ని చెప్పడానికి జనం దాచుకున్న కథ. సౌమ్యమైన పుట్టుక అన్న పేరు ఆ చాచిన చేతిలో కనబడుతుంది. ఒక చిన్న ప్రాణి పుట్టడానికి తన చేయి నొప్పిని లెక్కచేయనివాడే ఆ పేరుకు తగినవాడు.

రామతీర్థం కొండలు చూసినవారికి

గ్లెండలోక్ ఎలా ఉంటుందో ఊహించుకోవడం మన ప్రాంతపు వారికి కష్టం కాదు. విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న రామతీర్థం వెళ్ళి చూడండి. పొలాల మధ్య నుండి లేచిన నున్నని రాతి కొండలు. గురుభక్తుల కొండ మీద ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపం, చైత్యాలు, భిక్షువులు నివసించిన విహారాల పునాదులు రాతి అంచు వెంబడి వరుసగా ఉన్నాయి. వాన నీళ్ళు నిలిచే మడుగులు ఉన్నాయి. పక్కనే దుర్గకొండ, అక్కడి గుహలో జైన తీర్థంకరుల విగ్రహాలు. 11వ శతాబ్దం ఆరంభంలో రాజ్యమేలిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు అనే జైనముని రామకొండకు వచ్చి నమస్కరించాడని అక్కడి శాసనం చెబుతుంది. బోధికొండ మీద, కొండ దిగువన హిందూ సోదరులు భక్తితో కొలిచే రామాలయాలు ఉన్నాయి.

ఆ శాసనంలోని 'రామకొండ' అన్న మాటను గమనించండి. వెయ్యేళ్ళు గడిచాయి. రాజు పోయాడు, రాజ్యం పోయింది, విహారాలు ఇటుకల కుప్పలయ్యాయి. ఆ పేరు మాత్రం జనం నాలుక మీద బ్రతికే ఉంది. గురుభక్తుల కొండ అన్న పేరూ అంతే. అక్కడ గురువులూ భక్తులూ ఉండేవారని ఆ పేరే మన చెవిలో చెబుతుంది. రాయి కరిగినా పేరు కరగదు. మనం బిడ్డకు ఇచ్చే ఆస్తుల్లో అన్నిటికన్నా ఎక్కువకాలం నిలిచేది పేరే.

ఆ కొండల మీద కాలు మోపినప్పుడు ఇతర మతాల వారి పవిత్ర స్థలంలో ఉన్నామన్న గౌరవంతో నడవాలి. ప్రపంచాన్ని వదిలి రాతి మధ్య సత్యాన్ని వెదకిన మనుషులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కెవిన్ క్రీస్తు కోసం అలా వెళ్ళాడు.

జోజి మన పేరేనా?

ఇక తాతగారి మాటకు వద్దాం. కెవిన్ పరదేశపు పేరు, జోజి మన పేరు అన్నారాయన. జోజి అంటే యోసేపు. యోసేపు హెబ్రీ పేరు. దేవుడు ఇంకా చేర్చునుగాక అని దానికి అర్థం. రాహేలు ఇంకొక కొడుకును కోరుకుంటూ పెట్టిన పేరది. అది లాటినులోకి వెళ్ళి, ఐరోపా భాషల్లో రకరకాలుగా మారి, ఓడలెక్కి వచ్చి, తెలుగువారి నోట 'జోజి' అయింది. 2000 నుండి 2010లో కన్నుమూసే వరకు హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా సేవ చేసిన మారంపూడి జోజి గారి పేరు వింటే ఎవరికైనా అచ్చ తెలుగు పేరనే అనిపిస్తుంది.

మన పెద్దలు ఈ పనిలో ఎంత నేర్పరులో చూడండి. ఇగ్నేషియస్ ఇన్నాసి అయి, ఇన్నయ్య అయ్యాడు. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం మేత్రాసనానికి పీఠాధిపతిగా సేవ చేసిన చిన్న ఇన్నయ్య గారి పేరులో ఆ లొయోలా పునీతుడే ఉన్నాడు. ఫ్రాన్సిస్ జేవియర్ శౌరి అయ్యాడు, శౌరయ్య అయ్యాడు. పేతురు అంటే రాయి కనుక రాయప్ప అన్నారు. పౌలు అంటే లాటినులో చిన్నవాడు కనుక చిన్నప్ప అన్నారు. అర్థం గ్రహించి, మన మాటలో పోసి, మన అప్పలకూ అయ్యలకూ జోడించారు. ఆ పేర్లు పెట్టినవారికి పేరు వెనుక ఉన్న పునీతుడు తెలుసు. అందుకే అవి మూడు నాలుగు తరాలు నిలిచాయి.

ఐర్లండ్‌కూ మన తెలుగునేలకూ పాత బంధమే ఉంది. 19వ శతాబ్దంలో హైదరాబాదు ప్రాంత శ్రీసభకు పీఠాధిపతిగా ఉన్న డేనియల్ మర్ఫీ గారు ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంవారు. మర్ఫీ అన్న ఇంటిపేరు కూడా గేలిక్‌దే. సముద్రవీరుడని దాని అర్థం. సముద్రాలు దాటి వచ్చిన ఆ గురువుల పేర్లను మన పూర్వులు పరాయివని తోసివేయలేదు.

కాబట్టి తాతగారితో, పెద్దయ్యా, జోజి కూడా ఒకప్పుడు కొత్త పేరే, మీ తాత ముత్తాతలు దాన్ని ముద్దుచేసి మన పేరు చేసుకున్నారు అన్నాను. కొడుకుతో, అందరూ పెడుతున్నారన్నది పేరు పెట్టడానికి కారణం కాదు బాబూ, పునీత కెవిన్ కథ చదువు, నచ్చితే పెట్టు అన్నాను. వారం తరువాత ఆ బిడ్డ పేరు పుస్తకంలో కెవిన్ జోజి అని వ్రాశాం. తాతగారు గుడికి వచ్చారు.

శ్రీసభ నియమం కూడా ఈ విషయంలో ఉదారంగానే ఉంది. 1917 నాటి శ్రీసభ చట్టం, బిడ్డకు క్రైస్తవ పేరు పెట్టించేలా గురువులు చూడాలనీ, తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే వారు కోరిన పేరుకు ఒక పునీతుని పేరు చేర్చి రెండూ పుస్తకంలో వ్రాయాలనీ చెప్పింది. 1983 నాటి చట్టం 855వ నిబంధనలో, క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు పెట్టకుండా తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు, విచారణ గురువు చూసుకోవాలని మాత్రమే అంది. కనుక మంచి అర్థమున్న తెలుగు పేరు పెట్టుకోవడంలోనూ తప్పులేదు. కరుణ, ప్రకాశం, దయానందం, సుజాత ఏదైనా పెట్టుకోవచ్చు. అర్థం తెలియని పేరు, కేవలం మోజుకొద్దీ పెట్టిన పేరు మాత్రం బిడ్డకు ఖాళీ పెట్టె ఇచ్చినట్టే.

పుట్టుకను కొలిచే లోకంలో

పేర్లకూ వస్తువులకూ సంబంధం సహజమైనదా, మనుషులు ఒప్పందంతో కల్పించుకున్నదా అని గ్రీకు తత్వవేత్త ప్లేటో తన 'క్రాటిలస్' అనే సంవాదంలో చర్చించాడు. సెమినరీలో ఆ వాదం చదివినప్పుడు అది పండితుల వినోదంలా తోచింది. పల్లె విచారణల్లో తిరిగాక అది అన్నం ముద్దకూ ఆత్మగౌరవానికీ సంబంధించిన ప్రశ్న అని అర్థమైంది. మన సమాజంలో పేరు వినగానే మనిషి పుట్టుక ఏమిటో ఊహిస్తారు. పుట్టుకనుబట్టి కుర్చీ వెయ్యాలా, నేల చూపాలా అని నిర్ణయిస్తారు.

ఇక్కడే కెవిన్ అన్న పేరు మన గుండెల మీద చెయ్యి వేస్తుంది. మంచి పుట్టుక! మన విచారణల్లో తరతరాలుగా నీచ పుట్టుక అని అనిపించుకున్నవారి ఇళ్ళెన్ని లేవు? ఊరి బావి దగ్గరకు రానివ్వలేదు. గ్లాసు వేరుగా పెట్టారు. చివరికి కొన్నిచోట్ల క్రీస్తు గుడిలోనే బల్లలు వేరు, సమాధుల దొడ్లు వేరు అయ్యాయి. ఆ ఇంట్లో పుట్టిన బిడ్డను జ్ఞానస్నానపు తొట్టి దగ్గరకు తెచ్చి, ఈ బిడ్డది ప్రియమైన పుట్టుక అని శ్రీసభ ముందు బిగ్గరగా పలకడమంటే అది చిన్న మాట కాదు.

నికోదేముతో యేసు ప్రభువు ఏమి చెప్పారు? నీటివలన, ఆత్మవలన తిరిగి పుట్టనివాడు దేవుని రాజ్యంలో ప్రవేశించలేడన్నారు. యోహాను సువార్త మొదటి అధ్యాయం దేవుని బిడ్డలు రక్తం వలన గాని, శరీర కోరిక వలన గాని పుట్టినవారు కారని చెబుతుంది. అంటే జ్ఞానస్నానం పొందిన ప్రతివాడూ కెవినే. ఆ పేరు పుస్తకంలో ఉన్నా లేకపోయినా వానిది మంచి పుట్టుకే. ఆ తొట్టిలోని నీటికి పెద్దింటి బిడ్డ, పేదింటి బిడ్డ అనే తేడా లేదు. అదే నీరు, అదే గురుమంత్రం, అదే దేవుడు.

పునీత పాట్రిక్‌ను కూడా తలచుకోండి. ఐర్లండ్‌కు సువార్త తెచ్చిన ఆయన పేరు గేలిక్ కాదు, లాటిను. గొప్ప కులస్థుడు అని దాని అర్థం. అలాంటి పేరు పెట్టుకున్న బ్రిటన్ కుర్రవాణ్ణి పదహారేళ్ళ వయసులో ఐరిష్ దొంగలు ఎత్తుకుపోయి బానిసగా అమ్మారు. ఆరేళ్ళు పశువులు కాశాడు. పెద్దకులం అన్న పేరు పెట్టుకుని పశువుల కొట్టంలో పడుకున్నాడు. ఆ కొట్టంలోనే దేవుణ్ణి కనుగొన్నాడు. తనను బానిసను చేసిన ప్రజల దగ్గరకే తిరిగి వెళ్ళి వారికి క్రీస్తును ఇచ్చాడు. ఆయన నిజమైన గొప్ప పుట్టుక ఆ దాస్యంలో బయటపడింది. పెద్ద వంశంలో పుట్టి కొండ గుహకు దిగిన కెవిన్, బానిసత్వంలో నుండి లేచిన పాట్రిక్ ఇద్దరూ మనకు చెప్పేది ఒకటే. పుట్టుక గొప్పతనం వంశంలో లేదు, దేవుని ప్రేమలో ఉంది.

2022 ఆగస్టులో మన తెలుగు బిడ్డ, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారిని ఫ్రాన్సిస్ పాపుగారు కార్డినల్‌గా చేసినప్పుడు, దళిత కుటుంబం నుండి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయనేనని లోకమంతా వ్రాసింది. మనమందరం సంతోషించాం. ఆ సంతోషంలో ఒక ప్రశ్న కూడా వేసుకోవాలి. మొదటివానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళితుల సాధికారతకు ఒక విధానాన్ని ప్రకటించి, కుల వివక్షను ఘోరమైన సామాజిక పాపమని చెప్పింది. పాపం అన్నారు గనుక అది పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన విషయం.

రెండు పేర్లతో పెరిగే పిల్లలు

ఇంకొక బాధ ఉంది. మన విచారణల్లో కొందరు పిల్లలకు గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. తల్లిదండ్రులను తప్పు పట్టడం తేలిక. కారణం చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులైన దళితులకు విస్తరించలేదు. క్రీస్తును నమ్మినంత మాత్రాన ఊళ్ళో ఎవరూ గ్లాసు మార్చలేదు గాని, కాగితం మీద మాత్రం సహాయం మారిపోయింది. కొడుకు చదువు కోసం ఆ తల్లి పేరును దాచుకుంటుంది. ఈ అన్యాయాన్ని సరిదిద్దాలని శ్రీసభ ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది, అడుగుతూనే ఉండాలి.

అయితే ఆ పిల్లవాడికి కలిగే నష్టం ఒకటుంది. దేవుడు తనను పిలిచే పేరు సిగ్గుతో దాచుకోవలసినదన్న భావం లేతప్రాయంలోనే నాటుకుంటుంది. బడిలో ఏ పేరున్నా, ఇంట్లోనైనా ఆ జ్ఞానస్నానపు పేరుతో బిడ్డను పిలవండి. రాత్రి జపమాల అయ్యాక ఆ పేరుతోనే నుదుటిపై సిలువ గుర్తు వేయండి.

ఇంకా కఠినమైన మాట ఒకటి చెప్పక తప్పదు. కెవిన్ అని ముచ్చటగా పేరు పెట్టుకున్న తల్లిదండ్రులే, ఆ కెవిన్ పెరిగి, అదే దివ్య బలిపూజలో అదే దివ్యసత్ప్రసాదం అందుకునే ఒక అమ్మాయిని పెళ్ళాడతానంటే, వాళ్ళ పుట్టుక ఏమిటని వాకబు చేస్తారు. ఆ రోజున మన నోటితో పెట్టిన పేరును మన నోటితోనే అబద్ధం చేస్తాం. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత అలాంటి ఇంటికోసమే పుట్టింది.

ఇంట్లో చేయదగిన పనులు

ప్రియమైన తల్లిదండ్రులారా, ఈ వారం మీ ఇంట్లో ప్రతి బిడ్డ పేరూ ఒక కాగితం మీద వ్రాయండి. దాని ఎదుట ఆ పేరు అర్థం, ఆ పేరుగల పునీతుడు లేక పునీతురాలు, ఆ పండుగ రోజు వ్రాయండి. తెలియకపోతే మీ ఉపదేశినో, మఠకన్యలనో, విచారణ గురువునో అడగండి. పుట్టినరోజుకు కేకు కోస్తాం. నామ పండుగ రోజున బిడ్డను దివ్య బలిపూజకు తీసుకెళ్ళి, సాయంత్రం ఆ పునీతుని కథ చెప్పండి. ఏడన్ అన్న పేరుంటే చిన్న నిప్పు అని అర్థం చెప్పండి. జోజి ఉంటే వడ్రంగి యోసేపు గారి మౌనం గురించి చెప్పండి. కెవిన్ ఉంటే అరచేతిలో గూడు కట్టిన నల్లపిట్ట కథ చెప్పండి. ఆ కథ విన్న పిల్లవాడు వీధిలో కుక్కపిల్లను రాయితో కొట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాడు.

పెళ్ళికాని యువతీయువకులారా, రేపు మీ బిడ్డలకు పేర్లు పెట్టేటప్పుడు ఇంట్లో పెద్దల మాట ఓపికగా వినండి. వాళ్ళు అడిగే పాత పేరులో ఒక మనిషి జ్ఞాపకం ఉంటుంది. పెద్దలారా, మీరు పిల్లల మాట వినండి. వాళ్ళు తెచ్చే కొత్త పేరులో మీకు తెలియని పునీతుడు ఉండవచ్చు.

మనిషిని అతని పేరుతో పిలవండి. నల్లోడా, కుంటోడా, మొద్దోడా అని పిలవడం మన వీధుల్లో మామూలైపోయింది. పొలంలో పనికి వచ్చినవాణ్ణి వయసుతో నిమిత్తం లేకుండా ఒరే అని పిలవడం కూడా మామూలే. దేవుడు యెషయా ప్రవక్త ద్వారా తన ప్రజలను పేరుపెట్టి పిలిచానని, వారు తనవారని చెప్పాడు. దేవుడు పేరుతో పిలిచేవాణ్ణి వెక్కిరింపుతో పిలవడానికి మనకు హక్కెక్కడిది? పునరుత్థానమైన ఉదయాన తోటలో ఏడుస్తున్న మగ్దలా మరియమ్మ ప్రభువును ముఖం చూసి గుర్తుపట్టలేదు. ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచినప్పుడు గుర్తుపట్టింది. ఆమె కన్నీళ్ళు తుడిచింది ఒక్క పేరు.

చివరి రోజున మనల్ని కూడా అలాగే పిలుస్తారు. అక్కడ కులం పత్రం చూడరు, ఇంటిపేరు అడగరు. దర్శన గ్రంథం చెప్పినట్లు జయించినవానికి తెల్లని రాయి మీద వ్రాసిన కొత్త పేరు దొరుకుతుంది. అంతవరకు మన జ్ఞానస్నానపు పేరును మచ్చపడకుండా కాపాడుకుందాం. మన పక్కవాని పేరును కూడా మన పేరంత పవిత్రంగా పలుకుదాం.

మనందరినీ తన కుమారుని యందు ప్రియమైన బిడ్డలుగా పుట్టించిన తండ్రి, మీ ఇళ్ళలోని పసివారినీ, వారి పేర్లనూ, ఆ పేర్లు ముద్దుగా పిలిచే తల్లుల నోళ్ళనూ ఆశీర్వదించునుగాక. ఆమెన్.